అంచు అర్జీదారులు

కొత్తగెడ్డ మండలం తహసీల్దారు కార్యాలయంలో కులం, ఆదాయం, నివాసం ధ్రువపత్రాలు ఇచ్చే కంప్యూటరు ఒక్కటే ఉంది. దాని మానిటరు జూన్ నెల మొదటి సోమవారం, బళ్ళూ కాలేజీలూ తెరిచే వేళ చూసుకుని మరీ, సన్నగా పొగ వదిలి ఆరిపోయింది. ఆ కంప్యూటరు ముందు తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న మనిషి సత్యవేణి. కాంట్రాక్టు ఆపరేటరు. ఏటా మార్చి నెలలో ఉద్యోగం పోతుందని భయపడటం, ఏప్రిల్లో మళ్ళీ ఏడాదికి దొరికిందని ఊపిరి పీల్చుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

మానిటరు పోయిందని ఆమె రాసిన ఉత్తరానికి జిల్లా కేంద్రం నుంచి మూడో రోజునే జవాబు వచ్చింది. అంత త్వరగా జవాబు రావడం ఆ కార్యాలయంలో ఎవరూ ఎరగరు. అందులో ఇలా ఉంది: "సదరు మానిటరు ఆయుర్దాయం ఏడు సంవత్సరములుగా నిర్ణయించడమైనది. ప్రస్తుతము అయిదవ సంవత్సరము నడుచుచున్నది. కావున అది పాడగుటకు అవకాశము లేదు. పాడు కాలేదని భావించి పని కొనసాగించవలెను."

తహసీల్దారు నీలాచలం గారు ఆ జవాబు రెండుసార్లు చదువుకున్నారు. ఆయనకు ఉద్యోగ విరమణ ఇంకా పద్నాలుగు నెలలు. మనిషి మంచివాడు. మనుషులకి భయపడడు గానీ కాగితానికి భయపడతాడు. పక్క బల్ల మీది మానిటరు తెచ్చి తగిలిద్దామని సత్యవేణి అంటే, ఏ మానిటరు ఏ బల్లదో స్టాకు రిజిస్టరులో రాసి ఉందనీ, కదిపితే రెండు బల్లలకీ జవాబు చెప్పుకోవాలనీ ఆయన వారించారు. చాలాసేపు ఆలోచించాక ఆయన చూపు జనం కూర్చునే హాలులోని గోడ మీద పడింది. అక్కడ నలభై మూడు అంగుళాల టీవీ ఉంది. ప్రభుత్వ పథకాల చిత్రాలు జనానికి చూపించమని ప్రచార విభాగం వాళ్ళు రెండేళ్ళ కిందట బిగించి వెళ్ళారు. సిబ్బంది క్రికెట్ చూస్తారేమోనని రిమోటు మాత్రం తమతో జిల్లా కేంద్రానికి పట్టుకుపోయారు. అందుచేత ఆ టీవీ ఒక్కరోజు కూడా వెలగలేదు. దుమ్ము పట్టకుండా దానికి ఒక గుడ్డ తొడుగు కుట్టించారంతే.

టీవీని దించి బల్ల మీద పెట్టారు. సత్యవేణి కంప్యూటరు నుంచి దానికి తీగ తగిలించి, వెనకాల ఉన్న ఒకే ఒక బొత్తం నొక్కింది. తెర వెలిగింది. హాల్లో జనం చప్పట్లు కొట్టారు. నీలాచలం గారు కూడా కొట్టబోయి, అధికారి కొట్టవచ్చో లేదో తెలియక చేతులు కట్టుకున్నారు.

అయిదు నిమిషాల్లో సత్యవేణికి తేడా తెలిసింది. కొన్ని టీవీలకి ఒక గుణం ఉంటుంది. బొమ్మని కాస్త సాగదీసి, నాలుగు అంచులూ తెర బయటికి నెట్టేస్తాయి. సినిమా చూసేవాళ్ళకి అది పట్టదు. ఆకాశం రెండు వేళ్ళు తగ్గితే ఎవరికేం? కంప్యూటరు సంగతి వేరు. ఎడమ అంచున అర్జీదారుల ఇంటిపేర్ల మొదటి అక్షరాలు పోయాయి. సువ్వారి వాళ్ళు 'రి' అయ్యారు. పెదపెంకి వాళ్ళు వట్టి 'పెంకి' వాళ్ళుగా మిగిలారు. అన్నిటికంటే ముఖ్యమైనది కింది అంచున ఉంది. దరఖాస్తు అంతా నింపాక, తహసీల్దారు సంతకం కూడా పడ్డాక, చివరికి నొక్కవలసిన 'సమర్పించు' అనే బొత్తం పూర్తిగా తెర కిందికి దిగిపోయింది.

రిమోటు ఉంటే బొమ్మ సైజు మార్చడం అరనిమిషం పని. రిమోటు లేదు. కంప్యూటరు లోపల అమరిక మార్చుదామంటే దాని పాస్‌వర్డు రాజధానిలో ఉన్నవారి దగ్గర ఉంది. సత్యవేణి కాసేపు తెర వంక చూసి, మౌసు బాణాన్ని కిందికి జరుపుతూ పోయింది. బాణం కనిపించకుండా పోయింది. ఇంకో రెండు వేళ్ళ దూరం జరిపి, ఊపిరి బిగబట్టి నొక్కింది. ప్రింటరు గరగరమని కాగితం కక్కింది. తొమ్మిదేళ్ళు చేసిన పని కళ్ళకంటే చేతికే బాగా గుర్తుంది.

అలా పదిరోజులు రోజుకి నలభై, యాభై ధ్రువపత్రాలు ఇచ్చింది. చిక్కల్లా మధ్యాహ్నం రెండున్నరకి. నాలుగు గంటల సేపు ఎవరూ రిమోటు ముట్టుకోకపోతే ఆ టీవీ తెర మీద, 'మీరు ఇంకా చూస్తున్నారా? రిమోటులో ఏదైనా బొత్తం నొక్కండి' అని అడుగుతుంది. నొక్కకపోతే ఆరిపోతుంది. సత్యవేణి వెనక్కి వెళ్ళి మళ్ళీ వెలిగించుకునేది. ఒకరోజు ఆ ప్రశ్న డిప్యూటీ తహసీల్దారు పట్టాభిరామయ్య కంట పడింది. అదే వచ్చిన చిక్కు.

పట్టాభిరామయ్యకి నిబంధనలన్నీ కంఠతా వచ్చు. కార్యాలయాన్ని ఒక యంత్రం ప్రశ్నించిందనీ, ఆ ప్రశ్నకి జవాబివ్వగల అధికారి ఎవరో తేలాలనీ ఆయన ఫైలు తెరిచాడు. ఆ ఫైలు కోసమే సత్యవేణి కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. అప్పుడు ఆమె ముందున్నది పతివాడ పైడితల్లి అనే ఆవిడ దరఖాస్తు. పైడితల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టే మనిషి. జీడి రసానికి నల్లబడిన చేతులు కిటికీ గట్టు మీద పెట్టుకుని నిలబడి ఉంది. కూతురు హైమావతికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఆ నెల ఇరవై ఎనిమిదో తారీకు సాయంత్రంలోగా కులం, ఆదాయం కాగితాలు చూపించకపోతే ఆ సీటు వరసలో తరవాతి పిల్లకి వెళ్ళిపోతుంది.

సత్యవేణి బాణాన్ని తెర కిందికి దించి నొక్కబోయింది. పట్టాభిరామయ్య ఆగమన్నాడు. ఎక్కడ నొక్కుతున్నావని అడిగాడు. బొత్తం మీదేనని ఆమె చెప్పింది. ఏ బొత్తం, తనకి కనిపించడం లేదే అన్నాడాయన. కనిపించదు గానీ అక్కడే ఉందండీ, పదిరోజులుగా పనిచేస్తోంది అని ఆమె అన్నది.

"దేవుడు కూడా కనిపించడు, ఉన్నాడంటారు. ఆయన మీద నమ్మకంతో మనం గుడికి వెళ్ళొచ్చు గానీ ధ్రువపత్రాలు ఇవ్వలేం కదమ్మా," అన్నాడు పట్టాభిరామయ్య.

సాయంత్రానికి మెమో వచ్చింది. "తెరపై కానరాని చోట నొక్కుట ప్రభుత్వ వ్యవహార సరళికి విరుద్ధము. ఇకమీదట సిబ్బంది కనిపించిన దానినే నొక్కవలెను. కనిపించని దానిని నొక్కదలచినచో పై అధికారి లిఖితపూర్వక ఆదేశము పొందవలెను." నీలాచలం గారు సంతకం పెట్టారు. పెట్టేముందు సత్యవేణి వంక చూడలేదు.

ఆ రోజు నుంచి సంతకాలన్నీ పూర్తయి, చివరి నొక్కు ఒక్కటే మిగిలిన దరఖాస్తులు పోగవడం మొదలుపెట్టాయి.

రిమోటు పంపమని ప్రచార విభాగానికి రాశారు. రిమోటు కావలసిన కార్యాలయాలు కాగితం మీద అడగరాదనీ, పోర్టలులో దరఖాస్తు చేసుకోవాలనీ వాళ్ళు చెప్పారు. సత్యవేణి పోర్టలు తెరిచి, రిమోటు ఎందుకు కావాలో పట్టాభిరామయ్య చెప్పినట్టే అన్ని గడులూ నింపింది. చివర నొక్కవలసిన బొత్తం తెర కింద ఉంది. ఆమె మౌసు మీంచి చెయ్యి తీసేసి ఆయన వంక చూసింది. ఆయన తెర వంక చూశాడు. తను రాసిన మెమో తననే అడ్డుకున్నందుకు ఆయన ముఖంలో విచారం కనిపించలేదు. నిబంధన ఎవరినీ వదిలిపెట్టదన్న తృప్తి కనిపించింది.

విషయం జిల్లా కేంద్రానికి వెళ్ళింది. ఒకరోజు సాంకేతిక సలహాదారు శంభుప్రసాద్ గారు ఇద్దరు సహాయకులతో వచ్చారు. టేపు పెట్టి టీవీని నాలుగు పక్కలా కొలిపించారు. కొలతలు మూడుసార్లు రాయించారు. రిమోటులో ఒక అమరిక మారిస్తే చాలని సత్యవేణి చెప్పబోతే, ఆయన చిరునవ్వుతో చెయ్యెత్తి ఆపారు.

"సమస్యని టీవీ స్థాయిలో చూడకూడదమ్మా. వ్యవస్థ స్థాయిలో చూడాలి. తెర మధ్యభాగం వందశాతం సంతృప్తికరంగా పనిచేస్తోంది. కాబట్టి లోపం తెరలో లేదు. తమ వివరాలు అంచులకి వచ్చేలా ఉన్న అర్జీదారులలో ఉంది," అన్నారాయన.

ఈ మాట ఆయన వేళాకోళానికి అనలేదు. రెండు రోజులు తిరిగేసరికి దాని మీద సర్క్యులరు వచ్చింది. మండలంలోని అర్జీదారులని రెండు తరగతులుగా విడదీశారు. తెర మీద పూర్తిగా కనిపించేవారు మధ్య అర్జీదారులు. ఇంటిపేరులో గానీ మరెక్కడైనా గానీ ఒక్క అక్షరం తెర బయటికి పోయినా వారు అంచు అర్జీదారులు. అంచు అర్జీదారులు ముందుగా, 'నేను తెర వెలుపల కూడా ఉన్నాను' అని ఇద్దరు సాక్షులతో ప్రమాణపత్రం ఇచ్చి, అంచు ధ్రువపత్రం పొందాలి. ఆ ధ్రువపత్రం కూడా ఆ కంప్యూటరులోంచే రావాలి.

ఎడమ అంచు అందరికీ ఒకటే కనక, మధ్య అర్జీదారుడనేవాడు మండలంలో ఒక్కడూ తేలలేదు. అయినా రెండు కిటికీలు పెట్టారు. మధ్య అర్జీదారుల కిటికీ దగ్గర ఫ్యానూ బెంచీలూ వేశారు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. అంచు అర్జీదారుల వరస మెట్లు దిగి, సైకిళ్ళ షెడ్డు దాటి, రోడ్డు దాకా పోయేది. ఇంతమంది అంచున ఉన్నారని ఇన్నాళ్ళూ ప్రభుత్వానికి తెలియకపోవడం బాధాకరమని శంభుప్రసాద్ గారు ఒక సమావేశంలో అన్నారట. అంచుల విభాగం అని కొత్తగా ఒకటి మంజూరైంది. దానికి ఒక పర్యవేక్షకుడినీ ఇద్దరు సహాయకులనీ వేశారు. వాళ్ళు రోజూ ఎన్ని దరఖాస్తులు ఆగిపోయాయో లెక్కరాసి పంపేవారు. అంకె పెరిగినకొద్దీ విభాగం అవసరం రుజువవుతోందని పైనుంచి మెచ్చుకోలు వచ్చేది.

పైడితల్లి ఫ్యాక్టరీలో సగం పూట మానుకుని రోజూ వచ్చేది. ఆమె ఇంటిపేరు తెర మీద 'వాడ' అని మాత్రమే కనిపించేది. పతివాడ పైడితల్లీ వాడ పైడితల్లీ ఒకరేనని ఊళ్ళో ఇద్దరి చేత సంతకాలు చేయించి తెచ్చింది. ఆ ఇద్దరి ఇంటిపేర్లు కూడా అంచునే పడ్డాయి కనక వాళ్ళ సాక్ష్యం చెల్లదన్నారు. ఆమె గొడవ పెట్టుకోలేదు. కిటికీ దగ్గర నిలబడి తెర వంక చూసేది. ఆమె అలా చూస్తుంటే సత్యవేణికి తల తిప్పుకోవాలనిపించేది. ఒక్క నొక్కు. తన చేతికి దారి తెలుసు. కానీ ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలున్నారు, మార్చి నెల ఉంది. చెయ్యి మౌసు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది.

ఇరవై ఏడో తారీకున నీలాచలం గారూ పట్టాభిరామయ్యా అంచుల పురోగతి మీద సమీక్షకి జిల్లా కేంద్రానికి వెళ్ళారు. కొత్త విభాగం వాళ్ళు లెక్కలు పట్టుకుని వాళ్ళ వెంట వెళ్ళారు. పైడితల్లి వచ్చి ఎప్పటిలా నిలబడింది. మర్నాటితో గడువు అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. చాలాసేపటికి పైడితల్లి, ఇన్నాళ్ళూ అడగాలా వద్దా అని సందేహిస్తున్నట్టు, మెల్లిగా అడిగింది.

"ఆ బొమ్మ అంచులు తెగిపోనాయని కదమ్మా ఇదంతాను? మా ఇంట్లో టీవీ కూడా ఇలగే సేసీది. సినిమాలో మనుసుల తలకాయలు సగం తెగిపోయీవి. రిమోటులో బొమ్మ సైజని ఉంటాది, అది నొక్కితే సర్దుకున్నాది. మాదీ ఈ కంపినీయే."

సత్యవేణి టీవీ కింద ఉన్న కంపెనీ పేరు చూసింది. తరవాత పైడితల్లి వంక చూసింది. తెమ్మని ఆమె అనలేదు. వద్దనీ అనలేదు. పైడితల్లి ఆటో పట్టుకుని ఇంటికెళ్ళి, ముప్పావు గంటలో తిరిగొచ్చి, కొంగుచాటు నుంచి రిమోటు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. వెనక మూత ఊడిపోకుండా దానికి రబ్బరుబ్యాండు చుట్టి ఉంది.

మెమో ఏమన్నదో సత్యవేణి మనసులో మళ్ళీ ఒకసారి చదువుకుంది. కనిపించని దాన్ని నొక్కకూడదు. రిమోటు మీద బొత్తాలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె నాలుగు నొక్కులు నొక్కింది. బొమ్మ ఒక్కసారి మెరిసి, నాలుగు పక్కల నుంచీ లోపలికి ముడుచుకుని, తెరలో సరిగ్గా ఇమిడిపోయింది. 'పతివాడ' అని పూర్తిగా కనిపించింది. కింద పచ్చటి బొత్తం కనిపించింది. సత్యవేణి దాన్ని కళ్ళారా చూస్తూ నొక్కింది.

పైడితల్లి కాగితాలు వెచ్చవెచ్చగా చేతికి వచ్చాయి. ఆమె వాటిని చదవలేదు, చదవడం రాదు. కూతురి పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ చోట వేలు పెట్టి తడిమి చూసుకుంది. ఆమె వెనకున్న మనిషి ముందుకొచ్చాడు. అతని వెనకున్న మనిషీ వచ్చాడు. సత్యవేణికి ఆగాలనిపించలేదు. అన్నం తినలేదు. సాయంత్రం నాలుగింటికి వరస అయిపోయేసరికి మూడువందల పన్నెండు దరఖాస్తులు చివరి నొక్కు దాటాయి. అంచున ఎవరూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున్నే శంభుప్రసాద్ గారు దిగారు. హైమావతి సీటు ఖాయమయ్యే వేళకి కొత్తగెడ్డలో విచారణ మొదలైంది. ఆయన ముందున్న ప్రశ్నలు ఇవి: ప్రైవేటు రిమోటుతో ప్రభుత్వ టీవీని శాసించవచ్చునా? అంచులు లేకుండా చేయడం వల్ల అంచుల విభాగానికి కలిగిన నష్టానికి బాధ్యులెవరు? కబురు పెట్టి పైడితల్లిని పిలిపించారు. మూడువందల పన్నెండు దరఖాస్తులు ఒక్క పూటలో అదృశ్యమయ్యాయని, అందులో ఆమె పాత్ర ఏమిటని ఆయన అడిగారు.

"కనబడ్డం లేదన్నారు బాబూ. కనబడీలా సేసినాం. అందులో తప్పేటున్నాదో నాకు తెలవట్లేదు," అంది పైడితల్లి. ఆయన పక్కనున్న సహాయకుడు, 'సాక్షి నేరం ఒప్పుకున్నది' అని రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. టీవీని పూర్వస్థితికి తీసుకురావాలి. శంభుప్రసాద్ గారు స్వయంగా పైడితల్లి రిమోటుతోనే బొమ్మని మళ్ళీ సాగదీసి, అంచులు తెర బయటికి పోయాయని టేపుతో కొలిపించి తృప్తిపడ్డారు. తరవాత రిమోటుని సాక్ష్యం కింద కవరులో పెట్టి లక్క వేయించారు. అక్రమంగా కనిపించిన వేళలో ఇచ్చిన ధ్రువపత్రాలు మూడువందల పన్నెండూ రద్దు చేయాలన్నారు.

సత్యవేణి కుర్చీలో కూర్చుంది. పైడితల్లి ఇంకా కిటికీ దగ్గరే ఉంది. పట్టాభిరామయ్య తెర వంక వంగి, రద్దు చేసే బొత్తం ఎక్కడుందని అడిగాడు.

అది కూడా తెర కిందికే పోయిందండీ అని సత్యవేణి చెప్పింది.

శంభుప్రసాద్ గారు లక్క ఆరుతున్న కవరు వంక చూశారు. దాన్ని విప్పాలంటే విచారణ మళ్ళీ మొదటికి వస్తుంది. ఆయన గొంతు తగ్గించి, అనునయంగా అన్నారు.

"నీకు అలవాటే కదమ్మా. పదిరోజులు అలాగే నొక్కావట. ఆ చోటు నీకు తెలుసు."

సత్యవేణి ఆయన ముఖంలోకి చూసింది. తొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఏ అధికారి ముఖంలోకీ ఆమె అలా చూడలేదు.

"తెలుసండీ. నొక్కుతాను. కనిపించని చోట నొక్కమని తమరు ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి," అంది.

శంభుప్రసాద్ గారు పట్టాభిరామయ్య వంక చూశారు. అది మెమోలో ఉన్న మాటేనని పట్టాభిరామయ్య కాస్త గర్వంగానే ఒప్పుకున్నాడు. రాయవలసింది తహసీల్దారేమోనని శంభుప్రసాద్ గారు అన్నారు. నీలాచలం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, కార్యాలయ చరిత్రలో ఎన్నడూ లేనంత గట్టిగా, సలహాదారు ఉండగా తను రాయడం మర్యాద కాదన్నారు. పట్టాభిరామయ్య, తను పరిశీలించి పంపగలడే గానీ ఆదేశించలేడన్నాడు. ముగ్గురూ కలిసి, కనిపించని చోట నొక్కమని రాయగల అధికారి ఎవరో తేల్చమని పైకి రాశారు. ఆ ఫైలు ఇంకా పైనే ఉంది. ధ్రువపత్రాలు జనం దగ్గర ఉన్నాయి.

సత్యవేణి ఉద్యోగం పోలేదు. ఆమెని తీసేయాలన్నా ఆ వివరం కంప్యూటరులో నింపి కింద బొత్తం నొక్కాలి.

రెండు వారాల తరవాత పైడితల్లి మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. కూతురు హాస్టల్లో చేరిందనీ, తెల్లబట్టలకి కొలతలు తీసుకున్నారనీ చెప్పింది. తరవాత తన రిమోటు ఎప్పుడిస్తారని అడిగింది. కేసు తేలాక ఇస్తారని సత్యవేణి చెప్పింది. ఎప్పుడు తేలుతుందో తనకీ తెలియదంది. పైడితల్లి కాసేపు ఆలోచించింది.

"అయితే ఉంచీమనమ్మా. రిమోటు లేక మా అత్త సీరియళ్ళు సూడ్డం మానీసినాది. పదకొండేళ్ళకి ఇప్పుడు నాతోటి మాట్టాడతన్నాది."

సత్యవేణికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. బయటికే నవ్వింది. పక్కగదిలో పట్టాభిరామయ్య ఫైలు మీంచి తలెత్తి అటు చూశాడు. నవ్వకూడదనే నిబంధన ఏదైనా ఉందేమోనని చాలాసేపు గుర్తుచేసుకున్నాడు. ఏదీ తట్టక మళ్ళీ తల దించుకున్నాడు.